ఎజీరియా యాత్ర – కొండ జనాల చరిత్ర

క్రీ.శ. 381 నుంచి 384 వరకు ఒక క్రైస్తవ స్త్రీ జెరూసలేమును కేంద్రంగా చేసుకుని ఈజిప్టు, సీనాయి, పాలస్తీనా, మెసపొటేమియా దేశాలు తిరిగింది. ఆమె పేరు ఎజీరియా. పడమటి సముద్రపు ఒడ్డు నుంచి, అంటే యూరప్ ఖండం చివరి అంచు నుంచి బయలుదేరి వచ్చిన మనిషి. బైబిలులో చదివిన కొండలను, బావులను, సమాధులను తన కళ్లతో చూడాలని వచ్చింది. చూసినదంతా తన దేశంలో ఉన్న తోటి సోదరీమణులకు లాటిన్ భాషలో ఉత్తరంగా రాసింది.

ఆ ఉత్తరానికి కూడా ఒక చరిత్ర ఉంది. అది వందల ఏళ్లు కనబడకుండా పోయింది. 11వ శతాబ్దంలో ఇటలీలోని మోంటే కసీనో మఠంలో ఎవరో దాన్ని నకలు రాశారు. ఆ నకలు 1884లో అరెజ్జో పట్టణంలో గామురిని అనే పండితుడికి దొరికింది. 1887లో అచ్చయింది. మొదటి పుటలు లేవు, చివరి పుటలు లేవు. రాసిన ఆమె పేరు కూడా అందులో లేదు. 7వ శతాబ్దంలో వలేరియస్ అనే సన్యాసి ఆమెను పొగుడుతూ తన తోటివాళ్లకు రాసిన ఉత్తరం వల్లనే ఆ పేరు తెలిసింది.

ఇంత దూరపు కథ ఆదివాసీలమైన మనకు ఎందుకని అడగవచ్చు. మనకూ పవిత్రమైన కొండలున్నాయి, చెట్లున్నాయి, మడుగులున్నాయి. వాటిని చూడడానికి బయటి నుంచి జనం వస్తారు. చూసి వెళ్లి రాస్తారు. చాలాసార్లు ఆ రాసినదే చరిత్ర అయి, తిరిగి మన పిల్లల పాఠాల్లోకి వస్తుంది. పదహారు వందల ఏళ్ల కిందట ఒక యాత్రికురాలు ఇంకొకరి కొండల మీదికి వెళ్లి ఏం చూసింది, ఎవరిని అడిగింది, ఎవరి పేరు రాసింది, ఎవరిని ఒక్క మాటతో తోసేసింది అన్నది గమనిస్తే, మన గురించి రాసినవాటిని ఎట్లా చదవాలో తెలుస్తుంది. మన గురించి మనం ఎట్లా రాసుకోవాలో కూడా తెలుస్తుంది.

కొండ ఎక్కిన తీరు

ఎజీరియా సీనాయి కొండ దగ్గరికి ఒక శనివారం సాయంత్రం చేరింది. మరునాడు ఆదివారం పొద్దున్నే ఎక్కడం మొదలుపెట్టింది. ఆ కొండ ఎత్తు 2,285 మీటర్లు. చుట్టూ తిరుగుతూ ఎక్కే వీలు లేక గోడ ఎక్కినట్టు నిటారుగా ఎక్కాలని, సవారీ మీద పోలేక కాలినడకనే పోయామని ఆమె రాసింది. అక్కడ ఉండే సన్యాసులే దారి చూపించారు. శిఖరం మీద చిన్న గుడి ఉంది కానీ అక్కడ ఎవరూ కాపురం ఉండరు. దిగేముందు సన్యాసులు తమ కొండలో కాసిన పళ్లను యాత్రికులకు కానుకగా ఇచ్చారు. ఎర్ర సముద్రం ఏది, ఈజిప్టు ఎటు, సరసేనుల నేల ఎంత దూరం పోతుంది అన్నది పైనుంచి వేలు పెట్టి చూపించారు.

ఎక్కడికి పోయినా ఆమె పద్ధతి ఒకటే. ముందు ప్రార్థన, ఆ చోటికి సంబంధించిన బైబిలు భాగం చదవడం, ఒక కీర్తన, మళ్లీ ప్రార్థన. పుస్తకంలో ఉన్నదాన్ని నేల మీద వెతుక్కునే చూపు ఆమెది. అందుకే మోషే ఎక్కడ నిలబడ్డాడో వివరంగా రాసింది కానీ, ఆ కొండ కింద అప్పుడు బతుకుతున్న జనం ఏం తింటారు, ఏం పాడుకుంటారు అన్నది ఆమె ఉత్తరంలో చాలా తక్కువ. యాత్రికుల రాతలన్నిటిలోనూ ఉండే లోటే ఇది. అయినా ఆమె అడిగి తెలుసుకునే మనిషి. అన్నీ తెలుసుకోవాలన్న ఆరాటం తనకు ఎక్కువని ఆమే చెప్పుకుంది. ఆ ఆరాటం వల్ల స్థానిక జనం సంగతులు కొన్ని మనదాకా వచ్చాయి.

పారాను జనం దారి గుర్తులు

సీనాయి కొండకు 35 రోమన్ మైళ్ల దూరంలో పారాను అనే ఊరు ఉంది. తిరుగు ప్రయాణంలో ఎజీరియా ఆ దారినే వచ్చి సముద్రపు ఒడ్డుకు చేరింది. ఆ ఇసుక నేలలో దారి అన్నదే కనిపించదు. అయితే పారాను జనం ఒంటెలతో తిరుగుతూ అక్కడక్కడా తమ గుర్తులు పెట్టుకుంటారని, పగలు వాటిని చూసుకుని నడుస్తారని, రాత్రి ఒంటెలే ఆ గుర్తుల వెంట పోతాయని ఆమె రాసింది. మంచి బాట ఉన్న చోట బయటివాళ్లు నడిచేదానికన్నా ఈ జనం బాట లేని చోట, అదీ చీకట్లో, జాగ్రత్తగా నడుస్తారని మెచ్చుకుంది.

ఈ మాటలను మన యువత మళ్లీ మళ్లీ చదవాలి. బడికి పోని జనం పెట్టుకున్న గుర్తులు కూడా ఒక చదువే. విరిచిన కొమ్మ, రాయి మీద పెట్టిన రాయి, చెట్టు మొదట్లో పెట్టిన గాటు చూసి అడవిలో దారి పట్టడం మన పెద్దలకు తెలుసు. దాన్ని ఎవరూ భూగోళ పాఠం అనలేదు. ఎజీరియాకు మాత్రం అది రాయదగిన విద్య అనిపించింది.

నిజం చెట్టు

ఈజిప్టులో రామెసేసు అనే పాడుబడిన ఊరి దగ్గర ఆమె ఒక పెద్ద మేడి జాతి చెట్టును చూసింది. చాలా ముసలిది, కాపు తగ్గింది, అయినా కాస్తూనే ఉంది. దాన్ని పూర్వ పితరులు నాటారని అక్కడివాళ్ల నమ్మకం. ఒంట్లో బాగులేనివాళ్లు వెళ్లి దాని పుల్లలు తెచ్చుకుంటారని, వాళ్లకు మేలు జరుగుతుందని అక్కడి బిషప్పు ఆమెకు చెప్పాడు. గ్రీకు భాషలో ఆ చెట్టు పేరుకు అర్థం ‘నిజం చెట్టు’.

దూరం నుంచి వచ్చిన భక్తురాలు ఆ చెట్టును మూఢనమ్మకం అని కొట్టివేయలేదు. పేరు అడిగింది, అర్థం అడిగింది, ఎవరు చెప్పారో రాసింది. కెస్లాపూర్‌లో నాగోబా పూజకు మెస్రం వంశంవాళ్లు గోదావరి నీళ్లు కాలినడకన తెచ్చి మర్రిచెట్ల కింద బస చేస్తారు. ఆ చెట్ల గురించి, ఆ నడక దారిలో ఆగే ఊళ్ల గురించి మనలో ఎంతమందిమి ఇంత శ్రద్ధగా అడిగి రాశాం?

కనిపించని స్తంభం

బైబిలులో లోతు భార్య వెనక్కి తిరిగి చూసి ఉప్పు స్తంభం అయిందని ఉంది. ఆ స్తంభం ఉన్న చోటంటూ ఎజీరియాకు మృత సముద్రం దగ్గర చూపించారు. ఆమె తన సోదరీమణులకు ఉన్నమాట రాసింది. చోటు మాత్రమే చూశామని, స్తంభం ఏదీ కనిపించలేదని, ఈ విషయంలో మిమ్మల్ని మోసం చేయలేనని చెప్పింది. కొన్నేళ్లుగా అది కనబడడం లేదని సోయరు బిషప్పు చెప్పిన మాటను విడిగా రాసింది.

చరిత్ర రాసే ఎవరికైనా ఇది మొదటి పాఠం. నేను చూసింది ఇది, నేను విన్నది ఇది, ఎవరి నోట విన్నానో ఇది అని మూడింటినీ విడదీయాలి. ఇట్లా విడదీసినందుకు ఆమె భక్తి తగ్గలేదు. మన వంశ కథలను, దేవతల కథలను రాసేటప్పుడు మనకూ ఈ పద్ధతి కావాలి. పూజారి చెప్పినది పూజారి మాటగా, మనం చూసినది మన మాటగా ఉంటే, రేపు చదివేవాళ్లకు రెండూ పనికి వస్తాయి.

దొంగలన్న ముద్ర

ఎజీరియా ఉత్తరంలో మనల్ని నొప్పించే మాట కూడా ఉంది. నేటి టర్కీ దేశంలో సెలూకియా పట్టణం దగ్గర తెక్లా అనే పుణ్య స్త్రీ గుడికి ఆమె వెళ్లింది. అక్కడ మర్తానా అనే పాత స్నేహితురాలు కలిసింది. తన కాలంలో బతికి ఉన్నవాళ్లలో ఎజీరియా పేరు పెట్టి రాసిన మనిషి ఈ మర్తానా ఒక్కతే. దారి చూపినవాళ్లు, అన్నం పెట్టినవాళ్లు, కొండ ఎక్కించినవాళ్లు ఎవరికీ పేరు లేదు.

ఆ గుడి చుట్టూ పెద్ద గోడ ఎందుకు ఉందో చెబుతూ, ఇసౌరియా జనం చాలా చెడ్డవాళ్లని, తరచూ దోపిడీలు చేస్తారని ఆమె రాసింది. ఇసౌరియావాళ్లు టారస్ కొండల్లో బతికిన జనం. వాళ్ల నేల ఏది, రోము రాజ్యంతో వాళ్ల తగువు ఏమిటి అన్న ప్రశ్న ఆ వాక్యంలో లేదు. ఒక జాతి మొత్తం మీద ఒకే ముద్ర. అదే ఇసౌరియా కొండల్లో పుట్టిన జెనో 474లో రోము చక్రవర్తి అయ్యాడన్నది చరిత్ర.

ఈ ముద్ర మనకు తెలియనిది కాదు. 1871లో బ్రిటిషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. తర్వాత అది మద్రాసు రాష్ట్రంలోనూ అమలయింది. పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసి ఎరుకల కుటుంబాలను హాజరు పట్టీల్లో ఎక్కించారు. కోస్తాలోని స్టువర్టుపురంలో పెట్టిన సెటిల్‌మెంటును సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు. ఆ చట్టం 1952లో రద్దయింది. చట్టం పోయినా మాట పోలేదు. యాత్రికుల ఉత్తరంలో ఒక్క వాక్యంగా ఉన్నది, అధికారి దస్త్రంలోకి ఎక్కితే జనం మెడకు ఉరి అవుతుంది. అందుకే ఎక్కడ ఏ జాతి గురించి ఇట్లాంటి వాక్యం చదివినా, ఎవరు రాశారు, ఎక్కడ నిలబడి రాశారు అని మన విద్యార్థులు అడగడం నేర్చుకోవాలి.

గుడిలో మూడు భాషలు

ఉపాధ్యాయులు ముఖ్యంగా చదవవలసిన భాగం ఒకటుంది. జెరూసలేములో కొందరికి గ్రీకు, సిరియాకు రెండు భాషలూ వచ్చు. కొందరికి గ్రీకు ఒక్కటే వచ్చు. కొందరికి సిరియాకు మాత్రమే వచ్చు. సిరియాకు అక్కడి మామూలు జనం భాష. బిషప్పుకు సిరియాకు వచ్చినా ఎప్పుడూ గ్రీకులోనే మాట్లాడతాడు. అయితే ఆయన పక్కన ఒక గురువు నిలబడి ప్రతి మాటనూ సిరియాకులో చెబుతాడు. చదివే వాక్యాలనూ అట్లాగే మార్చి చెబుతారు. లాటిన్ తప్ప వేరే భాష రాని యాత్రికులకు రెండు భాషలు వచ్చిన అన్నలు, అక్కలు విడమరచి చెబుతారు. ఎవరూ అర్థం కాక దిగులుపడకూడదని ఈ ఏర్పాటు.

ఇందులో రెండు సంగతులున్నాయి. పెద్ద పీట గ్రీకుదే, జనం భాష పక్కన నిలబడింది. అయినా జనం భాష లేకుండా పని జరగదని వాళ్లకు తెలుసు. మన దగ్గర గిడుగు రామమూర్తి పంతులు ఇదే గుర్తించారు. సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు బడులు పెట్టించి, పుస్తకాలు రాశారు. ఆయన సవర భాషా గ్రంథం 1931లో అచ్చయింది. కోయ, గోండి, కొలామి, కువి మాట్లాడే పిల్ల ఒకటో తరగతిలో కూర్చుని పంతులు ముఖం వైపు అయోమయంగా చూసే రోజులు ఇంకా పోలేదు. జెరూసలేము గుడిలో యాత్రికులకు దొరికిన ఆ పక్కన నిలబడే మనిషి, మన పిల్లలకు సొంత ఊరి బడిలో దొరకాలని అడగడం పెద్ద కోరిక కాదు.

కొండవాళ్లు మిగిలారు

ఎజీరియా వెళ్లిపోయిన తర్వాత, 6వ శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి సీనాయి కొండ కింద కోటలాంటి మఠం కట్టించాడు. అదే నేటి సెయింట్ కేథరిన్ మఠం. మఠాన్ని కాపాడడానికి, సేవ చేయడానికి రోము రాజ్యం నుంచీ ఈజిప్టు నుంచీ కుటుంబాలను పంపాడని, ఆ సంతతే తామని అక్కడి జెబలియా తెగవాళ్లు చెప్పుకుంటారు. జబల్ అంటే అరబ్బీలో కొండ. జెబలియా అంటే కొండవాళ్లు. వాళ్లు తర్వాత ముస్లిములయ్యారు. అయినా ఆ క్రైస్తవ మఠాన్ని విడిచిపెట్టలేదు. మఠం గోడల లోపలే ఒక మసీదు కూడా ఉంది. లోయల్లో రాళ్ల గోడలు కట్టి బాదం, ఆలివు, దానిమ్మ తోటలు పెంచడం, యాత్రికులను ఒంటెల మీద కొండకు తీసుకుపోవడం ఈనాటికీ వాళ్ల పని. 2002లో యునెస్కో ఆ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ప్రపంచమంతా మఠం పేరు తెలుసు. దాన్ని తరతరాలుగా మోసిన తెగ పేరు కొద్దిమందికే తెలుసు.

మన పని

మేడారం జాతర 1996లో రాష్ట్ర పండుగ అయింది. రెండేళ్లకోసారి లక్షల మంది వస్తారు. సమ్మక్కను చిలకలగుట్ట నుంచి గద్దెకు తెచ్చే కోయ పూజారుల గురించి, ఆ దారి గురించి, ఆ మొక్కుల గురించి రాసేవాళ్లు ఎక్కువగా వచ్చిపోయేవాళ్లే. వాళ్లు రాయకూడదని మనం అనం. ఎజీరియా రాయకపోతే పారాను జనం గుర్తుల సంగతి ఈ లోకానికి తెలిసేది కాదు. కానీ పారాను జనమే రాసి ఉంటే ఆ గుర్తుల పేర్లు, వాటిని మొదట పెట్టిన వాళ్ల పేర్లు కూడా తెలిసేవి.

కాబట్టి ఈ వేసవి సెలవుల్లో ప్రతి బడి, ప్రతి యువజన సంఘం ఒక పని పెట్టుకుందాం. మన ఊరి దేవుడి చోటును ఒకదాన్ని తీసుకుందాం. అక్కడికి పోయే దారిని, దారిలోని గుర్తులను, చెట్టును దాని మన భాష పేరుతో రాద్దాం. చెప్పిన పెద్దమనిషి ఒప్పుకుంటే ఆయన పేరు, ఆమె పేరు, వంశం పేరు రాద్దాం. బయటికి చెప్పకూడని పూజ సంగతి ఉంటే పెద్దల మాట ప్రకారం దాన్ని వదిలేద్దాం. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు రాద్దాం. ముందు మన భాషలో, తర్వాత తెలుగులో. దారి చూపిన మనిషి పేరు లేకుండా ఒక్క పుట కూడా ముగించవద్దు.