సామాను బండికి మాట బేరం.. ఆపై మోయలేని భారం
అద్దె వాహనం మాట్లాడే ముందు తెలుసుకోవాల్సిన విషయాలు

సారపాక (బూర్గంపాడు): ఇల్లు మారే రోజున ఒక కుటుంబం ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న సామగ్రి అంతా ఒక్క బండిలోకి ఎక్కుతుంది. ఆ బండిని మాట్లాడుకునేది మాత్రం రెండు నిమిషాల ఫోను సంభాషణలోనే. ఎంత తీసుకుంటారు, ఎప్పుడు వస్తారు అన్న రెండు ప్రశ్నలతో బేరం ముగుస్తుంది. చెప్పిన వేళకు బండి రాకపోవడం, పెద్దదానికి బదులు చిన్నది పంపడం, సగం దారిలో అద్దె పెంచడం, బీరువా వంగినా ఫ్రిజ్‌ దెబ్బతిన్నా తమకు సంబంధం లేదనడం.. వివాదాలన్నీ ఆ రెండు ప్రశ్నల్లో లేని విషయాలపైనే తలెత్తుతాయి. చట్టం వినియోగదారుడికి అండగా ఉన్నా, చేతిలో కాగితం ముక్క లేకపోతే జరిగిన నష్టాన్ని నిరూపించుకోవడం కష్టమే.

ఇక్కడ అవసరం ఎక్కువ
గోదావరి కుడి గట్టున, భద్రాచలానికి ఎదురుగా ఉన్న సారపాకకు కాగితపు పరిశ్రమే గుర్తింపు. భద్రాచలం పేపర్‌ బోర్డ్స్‌ పేరిట మొదలైన ఈ పరిశ్రమ 2002లో ఐటీసీలో విలీనమైంది. ఉద్యోగాల కోసం వచ్చేవారు, బదిలీపై వెళ్లేవారు, పదవీ విరమణ చేసి సొంతూళ్లకు చేరేవారితో ఇక్కడ ఇళ్లు మారడం నిత్యం ఉండేదే.

రెండో కారణం గోదావరి వరద. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి, 48 అడుగులకు రెండో, 53 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగుల మేర నది ప్రవహించింది. 2022 వరదల్లో భద్రాచలం వంతెనపై రాకపోకలను సైతం నిలిపివేశారు. నీరు పెరిగేకొద్దీ బండ్లకు గిరాకీ పెరుగుతుంది, బేరమాడేందుకు వ్యవధి తగ్గుతుంది. అందుకే లోతట్టు ప్రాంతాల వారు వర్షాకాలానికి ముందే వాహన యజమానితో మాట్లాడి, అద్దె ఖరారు చేసుకోవడం మేలు.

ఏ బండి మాట్లాడాలి?
* ఒకటి రెండు గదుల సామానుకు ట్రాలీ ఆటో, టాటా ఏస్‌ వంటి చిన్న వాహనాలు, అంతకు మించితే బొలేరో, డీసీఎం వంటివి వాడతారు. మంచాలు, బీరువాల సంఖ్య ముందే చెప్పాలి. వీలైతే యజమానిని ఇంటికి పిలిచి సామాను చూపించాలి.
* వ్యవసాయ అవసరాలకు రిజిస్టరైన ట్రాక్టరును అద్దెకు తిప్పితే, ప్రమాదం జరిగినప్పుడు బీమా వర్తింపుపై చిక్కులు వస్తాయి. సామాను మీద మనుషులను ఎక్కించడం ఏ వాహనంలోనూ తగదు.
* భద్రాచలం దాటినా, కుక్కునూరు వైపు వెళ్లినా ఆంధ్రప్రదేశ్‌ సరిహద్దు వస్తుంది. 2014లో ముంపు మండలాలు ఆ రాష్ట్రంలో కలిశాయి. బండితో కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరకు వాహనాలకు మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్‌ అక్కరలేదు. అంతకన్నా పెద్ద బండి అయితే పొరుగు రాష్ట్రానికి పర్మిట్‌ ఉందో లేదో ముందే అడగాలి. లేకుంటే తనిఖీల్లో సామానుతో సహా నిలిచిపోవాల్సి వస్తుంది.

చట్టం ఏం చెబుతోంది?
వినియోగదారుల రక్షణ చట్టం-2019 దేశవ్యాప్తంగా 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. సొమ్ము తీసుకుని సామాను తరలించడం ఈ చట్టం కింద సేవే అవుతుంది. ఒప్పుకున్న పని ఒప్పుకున్నట్లు చేయకపోవడం సేవా లోపం. సేవకు రసీదు ఇవ్వకపోవడాన్ని సైతం ఈ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. కాబట్టి రసీదు అడగడం వినియోగదారుడి హక్కు. వరద సమయంలో ప్రభుత్వం ఉచితంగా ఏర్పాటు చేసే వాహనాలకు మాత్రం ఈ చట్టం వర్తించదు.

హైదరాబాద్‌ వంటి దూర ప్రాంతాలకు ట్రాన్స్‌పోర్టు సంస్థల ద్వారా పంపేవారు మరో చట్టాన్ని గమనించాలి. రోడ్డు రవాణాకు సంబంధించిన 2007 నాటి చట్టం, 2011 నాటి నిబంధనల మేరకు, సామాను విలువను ముందుగా ప్రకటించకపోతే సంస్థ బాధ్యత కిరాయికి పది రెట్లకే పరిమితం. ఉదాహరణకు కిరాయి రూ.3,000 అయితే, పోయిన సామాను విలువ రూ.లక్ష ఉన్నా పరిహారం రూ.30,000 దాటదు. విలువైన వస్తువులుంటే కొంత అదనంగా చెల్లించైనా ఆ విలువను రసీదులో రాయించుకోవాలి. సామాను పోయినా, దెబ్బతిన్నా బుక్‌ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లోగా సంస్థకు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. నోటీసు లేకుండా దావా వేయడం కుదరదు.

చీటీలో ఉండాల్సినవి
స్టాంపు కాగితం అక్కరలేదు. తెల్ల కాగితంపై రాసి ఇద్దరూ సంతకాలు చేస్తే చాలు. అదీ కుదరకపోతే ఇవే వివరాలు ఫోనులో సందేశంగా పంపి, ‘సరే’ అని జవాబు తెప్పించుకోవాలి.
* వాహనం నంబరు, రకం, యజమాని పేరు, ఫోను నంబరు
* తేదీ, బండి రావాల్సిన సమయం, ఎక్కడి నుంచి ఎక్కడికి
* మొత్తం అద్దె, చెల్లించిన బయానా, మిగిలిన సొమ్ము
* డీజిల్‌, టోల్‌, హమాలీ ఖర్చులు అద్దెలో కలిసి ఉన్నాయా, వేరా
* ఎన్ని గంటలు ఆగితే అదనంగా ఎంత చెల్లించాలి
* తాళ్లు, టార్పాలిన్‌ పట్టా ఎవరు తేవాలి
* పెద్ద వస్తువుల జాబితా, ఒక్కోదాని విలువ
* బండి రాకపోతే బయానా తిరిగివ్వడం, సామాను పాడైతే పరిహారం

ఎక్కించే ముందు ప్రతి పెద్ద వస్తువునూ ఫొటో తీయాలి. దించిన వెంటనే, డ్రైవరు ఉండగానే సరిచూసుకోవాలి. అద్దెను ఫోను ద్వారా చెల్లిస్తే అదే ఆధారంగా మిగులుతుంది. బంగారం, నగదు, భూమి పట్టాలు, పిల్లల సర్టిఫికెట్లు బండిలో వేయక వెంట ఉంచుకోవాలి.

ఈ చీటీ యజమానికీ రక్షణే. సామాను సర్దకుండా గంటల తరబడి నిలబెట్టడం, చెప్పినదానికన్నా ఎక్కువ ఎక్కించడం, బండి వెళ్లలేని సందులోకి రమ్మనడం వంటివి వాహనదారులకు ఎదురయ్యే ఇబ్బందులు. ముందే రాసుకుంటే ఇద్దరికీ తగవు ఉండదు.

అన్యాయం జరిగితే..
అదనపు సొమ్ము ఇస్తేనే సామాను దించుతామని బెదిరిస్తే స్థానిక పోలీసులను ఆశ్రయించాలి. తప్పనిసరై చెల్లించినా, ఎంత ఇచ్చిందీ ఎందుకు ఇచ్చిందీ సందేశం పంపి ఆధారం ఉంచుకోవాలి. ఆపై జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోను చేయవచ్చు.

అప్పటికీ ఫలితం లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ ఉంది. ఘటన జరిగిన రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. చెల్లించిన ప్రతిఫలం రూ.5 లక్షల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుం లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. కమిషన్‌ ఉన్న ఖమ్మం సారపాకకు వంద కిలోమీటర్లకు పైగా దూరం. రూ.500 కోసం అంతదూరం ఎవరు తిరుగుతారన్న ఆలోచనతోనే చాలామంది వెనకడుగు వేస్తారు. అయితే ఫిర్యాదును ఈ-జాగృతి పోర్టల్‌ ద్వారా ఆన్‌లైన్‌లో దాఖలు చేసే వీలుంది. వీడియో ద్వారా విచారణ కోరే అవకాశాన్నీ 2019 చట్టం కల్పించింది.

మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారు, వరద బాధితులు న్యాయ సేవాధికార సంస్థల చట్టం-1987 కింద ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. గిరిజన కుటుంబాలు అధికంగా ఉన్న ఈ ప్రాంతంలో ఈ నిబంధన ఎందరికో ఉపయోగపడుతుంది. వివరాలకు 15100 నంబరును సంప్రదించవచ్చు. కమిషన్‌కు వెళ్లినా, న్యాయ సహాయం కోరినా మొదట అడిగేది ఆధారమే. బయానా చేతికి ఇచ్చే ముందు చీటీ రాయించుకుంటే ఆ ఆధారం చేతిలో ఉన్నట్లే.