పత్రికలును మాఱుచున్న కాలమును

వార్తాపత్రికలకు కాలము తీఱినదని యీనడుమ పలువురు పలుకుచున్నారు. తెల్లవారి పత్రిక గుమ్మము చేరకమునుపే యందలి వార్తలన్నియు చేతిలోని ఫోనునందు కానవచ్చుచుండగా, దానిని వెలయిచ్చి కొనవలసిన పనియేమి యని వారి ప్రశ్నము. ఈ ప్రశ్నము నేడు పుట్టినది కాదు. తంతివార్తలు వచ్చినప్పుడును, రేడియో వచ్చినప్పుడును, టెలివిజను వచ్చినప్పుడును ఇట్టిదే యొక రూపమున పుట్టెను. ఆయా కాలములందు మన తెలుగు పత్రికలు దాని కేమి యుత్తరము చెప్పినవో, ఆ యుత్తరమునకై యేమి మూల్యము చెల్లించినవో పరిశీలించినచో నేటి చిక్కు కొంత తేటపడునని తలచి, మేమీ చరిత్రము నించుక విచారింప బూనితిమి.

మొదటి తెలుగు పత్రికలకు వార్తలు చెప్పుట ముఖ్యవృత్తి కాదు. 1874 లో కందుకూరి వీరేశలింగముగారు ‘వివేకవర్ధిని’ని వెలువరించినప్పుడు, నిన్న నెక్కడ నేమి జరిగెనో తెలుపుట వారి యుద్దేశము కాదు, జరుగుచున్నది న్యాయమా యన్యాయమా యని యడుగుటయే వారి యుద్దేశము. కచేరీలలోని లంచగొండితనమును, బాల్యవివాహములను, వేశ్యాసంపర్కమును ఆ పత్రిక నిర్భయముగ ఖండించెను. 1883 లో స్త్రీలకొఱకు ‘సతీహితబోధిని’ని వారే నడపిరి. 1902 లో బందరునుండి వెలువడ నారంభించిన ‘కృష్ణాపత్రిక’యు ఈ త్రోవనే నడచెను. 1907 మొదలు 1945 వఱకు ముట్నూరి కృష్ణారావుగారు దానికి సంపాదకులై యుండిరి. వారి సంపాదకీయములకొఱకే యా పత్రికను తెప్పించుకొనిన గృహములు కలవు. చదువనేర్చిన యొక్కడు అరుగుమీద కూర్చుండి పైకి చదువుచుండ, చుట్టును చేరినవారు వినుచుండుట యా కాలపు వాడుక. వారమున కొకసారి వచ్చు పత్రికకు త్వరతో పనిలేదు.

ఈ స్థితి 1914 లో మాఱెను. కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1908 లో బొంబాయిలో వారపత్రికగా స్థాపించిన ‘ఆంధ్రపత్రిక’, 1914 ఏప్రిలు 1 వ తేదీనుండి మదరాసులో దినపత్రిక యయ్యెను. నాలుగు నెలలలో ఐరోపాలో మహాయుద్ధ మారంభమయ్యెను. ఆ యుద్ధవార్తలు తంతిమీద ఇంగ్లీషున వచ్చును. రాత్రికి రాత్రి వానిని తెనిగించి తెల్లవారుసరికి అచ్చొత్తవలెను. తెలుగున పేరులేని ఆయుధములకును, సభలకును, పదవులకును అప్పటికప్పుడు పేరులు పెట్టవలసివచ్చెను. నేడు మన మనాయాసముగ వాడుకొను రాజకీయపదములలో పెక్కులు అట్టి రాత్రులందు ఉపసంపాదకుల బల్లలపై పుట్టినవే. అభిప్రాయము చెప్పుచుండిన పత్రిక యిట్లు వార్త చెప్పుటకు నేర్చుకొనెను.

ఇచ్చట నొక విషయము గమనింపదగును. దినపత్రిక నడపుటకు తంతి కయ్యెడు వ్యయము, కాగితపు వ్యయము, రాత్రిపని చేయువారి జీతములు కావలెను. చదువరు లిచ్చు చందాలతో నవి తీరునవి కావు. నాగేశ్వరరావుగారికి 1893 లో స్థాపించిన అమృతాంజనపు వ్యాపార ముండుటచే ఆ లోటు పూడెను. తలనొప్పికి రాచుకొను మందు కొనిన జనులు తమకు తెలియకయే తెలుగు పత్రికను పోషించిరి. పత్రికకు చదువరి యిచ్చు వెల చాలదు, మఱియొక సంచి కావలె నను సత్యము నాడే స్థిరపడెను. ఆ సంచి దేశభక్తుని చేత నుండుట యప్పటి యదృష్టము.

తెలంగాణమునందు మార్గము వేఱు. అచ్చట రాజభాష ఉర్దూ. తెలుగు బడులు అరుదు. 1926 లో సురవరము ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున వెలసిన ‘గోలకొండపత్రిక’ వార్తలతోపాటు బడియు, గ్రంథాలయమును చేయవలసిన పనికూడ నెత్తికెత్తుకొనెను. తెలంగాణమున తెలుగు కవులే లేరను నాక్షేపణమునకు 1934 లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించి బదులు చెప్పెను. పరిసరములకు తగినట్లు పత్రిక తన వృత్తిని విస్తరించుకొనుట కింతకంటె మంచి దృష్టాంతము లేదు.

తరువాతి మార్పు భాషలో వచ్చెను. తాపీ ధర్మారావుగారు ‘జనవాణి’లో వాడుకభాషను పత్రికాభాషగ నిలిపిరి. 1938 లో మదరాసున పుట్టిన ‘ఆంధ్రప్రభ’కు 1942 లో నార్ల వేంకటేశ్వరరావుగారు సంపాదకులై, చిన్న వాక్యములతో, సూటియగు మాటలతో వ్రాయు పద్ధతిని పెంపొందించిరి. గ్రాంథికమునం దభిమానముగల మావంటివారుకూడ నొప్పుకొనవలసిన సంగతి యిది: ఆ మార్పు రాకున్నచో పత్రిక పండితుల యిండ్లు దాటి రైతు నింటికి చేరియుండదు.

ఇంతలో రేడియో వచ్చెను. మదరాసు ఆకాశవాణి కేంద్రము 1938 జూనులోను, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరులోను ఆరంభమైనవి. చదువురానివానికిని వార్త చెప్పగల సాధన మిది. రేడియో సాయంకాలము చెప్పిన వార్తనే పత్రిక మఱునాటి యుదయము చెప్పవలసివచ్చెను. అయినను పత్రిక చెడలేదు. రేడియోవార్తలు ప్రభుత్వమువారివి, కొలది నిమిషములలో ముగియును, ప్రభుత్వమును తప్పుపట్టుట వాని పని కాదు. పత్రికలు త్వరను రేడియోకు విడిచి, వివరమును, విమర్శమును తమకొఱ కుంచుకొనెను. అంతియగాక చదువరికి చేరువగ జరిగినవి. 1953 లో ఆంధ్రరాష్ట్ర మేర్పడిన పిదప మదరాసులో నుండి ఆంధ్రుల వార్తలు చెప్పుట యసంగతమయ్యెను. 1959 లో ఆంధ్రప్రభ విజయవాడకు తరలెను. 1960 లో అచ్చటనే నార్లవారి సంపాదకత్వమున ‘ఆంధ్రజ్యోతి’ పుట్టెను.

1974 ఆగస్టు 10 వ తేదీన విశాఖపట్టణమున ‘ఈనాడు’ వెలువడుట మన పత్రికాచరిత్రమున నొక మలుపు. విజయవాడలో అచ్చయిన పత్రికలు విశాఖకు పొద్దెక్కినగాని చేరకుండెను. ఆ యూరిలోనే అచ్చొత్తి సూర్యోదయమునకు మున్నే యింట వేయించుట రామోజీరావుగారి యుపాయము. మఱుసటి సంవత్సరమే హైదరాబాదునను ముద్రణ మారంభమయ్యెను. దీనికి యంత్రములును తోడుపడినవి. గుణింతములు, ఒత్తులు గల మన లిపిని సీసపు టక్షరములతో చేత కూర్చుట మిక్కిలి యాలస్యమైన పని. ఆఫ్‌సెట్ ముద్రణమును, పిదప కంప్యూటరు కూర్పును వచ్చి యా సంకెల తెంచెను. 1989 లో ఈనాడు జిల్లాకొక చిన్న పత్రికను ప్రధానపత్రికకు జోడించెను. తక్కిన పత్రికలును ఆ మార్గమునే పట్టినవి. పాడైన చెఱువుకట్ట, ఉపాధ్యాయుడు రాని బడి, ఎండిన బోరుబావి తొలిసారిగ అచ్చులో కెక్కినవి.

హైదరాబాదున దూరదర్శన్ కేంద్రము 1977 లోనే వచ్చియుండెను. దాని కెమెరాలు పోలేని పల్లెకు పత్రిక పోవుట దాని రక్షణోపాయ మయ్యెను. దీని ఫలమును స్త్రీలు చూపిరి. 1992 ప్రాంతమున నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యతోద్యమపు పాఠములలోని యొక కథ చదివిన స్త్రీలు తమ యూరి సారాదుకాణమును మూయించిరి. ఆ వార్త యొక యూర నణగిపోయి యుండవలసినది. పత్రికలు, విశేషించి ఈనాడు, దానిని దినదినము ప్రకటింపగా నూరినుండి యూరికి ప్రాకెను. 1993 అక్టోబరులో సారాయును, 1995 జనవరిలో సమస్తమద్యమును రాష్ట్రమున నిషేధింపబడినవి. 1997 లో నిషేధము సడలింపబడుట వేఱుమాట. చదువనేర్చిన స్త్రీలును, వారి మాటను మోసిన పత్రికయు కలిసిన నేమి జరుగునో లోకము చూచెను.

ఐనను ఈ విస్తరణమునకు వెల లేకపోలేదు. ఊరూర విలేకరులు కావలసివచ్చిరి. వారిలో పెక్కురకు జీతము స్వల్పము. వార్త వ్రాయువాడే ప్రకటనలుకూడ సేకరింపవలసిన దుర్గతి పట్టెను. ఎవరిని గూర్చి నిజము వ్రాయవలెనో వారి ప్రకటనమునకే చేయి చాచినవాని కలము వంగక తప్పునా? 2009 ఎన్నికలలో ధనమునకు వార్త లమ్ముడుపోయిన సంగతిని ప్రెస్ కౌన్సిలువారి యుపసంఘము 2010 లో వెల్లడించెను. అందు మన రాష్ట్రపు పేరును కలదు.

1995 లో ప్రైవేటు తెలుగు టెలివిజను ప్రసారములును, 2004 లో ఇరువదినాలుగు గంటల వార్తాప్రసారమును వచ్చినవి. నిలువలేనివి నేలకొఱగెను: ఆంధ్రపత్రిక 1991 లో ఆగిపోయెను, ఆంధ్రజ్యోతి 2000 లో మూతపడి 2002 లో మరల లేచెను. నిలిచినవి తామే టెలివిజను పెట్టుకొనినవి. ఈనాడువారికి ఈటీవీ 1995 లోనే కలదు. 2008 లో పుట్టిన ‘సాక్షి’కిని, ఆంధ్రజ్యోతికిని 2009 లో తమతమ చానళ్లు వచ్చినవి. పోటీదారునే యింటిలోనికి తెచ్చుకొనుట తెలివియే కావచ్చును. కాని పత్రికయు టెలివిజనును ఒకే యజమానివైనపుడు, ఆ యజమానికి రాజకీయములలో పక్ష మున్నపుడు, ఒకదాని తప్పును రెండవది దిద్దునను నాశ పోయెను.

ఇక ఫోను. 2016 తరువాత ఇంటర్నెట్టు మిక్కిలి చవుకయై పల్లెలకు ప్రాకెను. 2020 లో కోవిడు వ్యాపింపగా, కాగితము ముట్టుకొనిన రోగ మంటునను భయముచే పలువురు పత్రిక మానిరి, పుటలు తగ్గినవి, ఉద్యోగులు తొలగింపబడిరి. పూర్వము వచ్చిన సాధనములు పత్రికనుండి త్వర నొక్కదానినే తీసికొనెను. ఇది సంచినే తీసికొనుచున్నది. పత్రికను పోషించుచుండిన ప్రకటనలు గూగులు, ఫేసుబుక్కు మొదలగు కంపెనీలకు పోవుచున్నవి. అవి చెఱువుకట్ట చూచివచ్చుటకు విలేకరిని పంపవు.

దీని ఫల మెట్టిదో 2018 వేసవిలో తెలిసినది. పిల్లల నెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను వదంతి వాట్సాపున వ్యాపించి, తెలుగు రాష్ట్రములందును, తక్కిన రాష్ట్రములందును నిరపరాధులు కొట్టబడిరి, కొందఱు చంపబడిరి. ఆ వదంతిని పంపినవారిలో నెక్కువమంది దుర్మార్గులు కారు. బిడ్డలయం దక్కఱగల తలిదండ్రులే. పంపుటకు ముందు ‘ఇది నిజమా?’ యని యడుగువా డొక్కడును నడుమ లేకపోవుటయే యా కీడునకు మూలము. పోలీసుఠాణాకు పోయి యడుగుట, రెండవ పక్షమువారిని విచారించుట, తేలనిదానిని ఆపుట: వీనినే మన మొక్కమాటలో సంపాదకత్వ మనుచున్నాము. పత్రిక దీని నన్నివేళల సరిగ నిర్వహించినదని మే మనము. ఐనను తప్పు వ్రాసిన పత్రికకు పేరు, చిరునామా కలవు, న్యాయస్థానమున కీడ్వవచ్చును. వదంతికి చిరునామా లేదు.

మఱియొకటి. అచ్చయిన పుట మాఱదు. 1918 లో స్థాపితమైన వేటపాలెపు సారస్వత నికేతనమున భద్రపఱచిన పాత పత్రికలలో, ఏనాడెవ్వ డేమనెనో నేటికిని చూడవచ్చును. తెరమీది వార్తను ఉదయము వ్రాసి సాయంకాలము చడిచప్పుడు లేక మార్చవచ్చును.

పత్రికలు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. వెబ్‌సైట్లు తెఱచినవి, వీడియోలు తీయుచున్నవి, వదంతులను పరీక్షించు శీర్షికలు పెట్టినవి. అమెరికాలో ‘న్యూయార్క్ టైమ్స్’ 2011 నుండి ఇంటర్నెట్టు చదువరుల వద్దనే చందా తీసికొనుచు, 2024 నాటికి కోటిమందికి పైగా చందాదారులను సంపాదించెను. తెలుగు పత్రికలు చాలవఱకు తెరమీది వార్తను ఉచితముగనే యిచ్చుచున్నవి. ఉచితముగ వచ్చుదానికి వెలయిచ్చు నలవాటు మనకును లేదు.

ఇంతవఱకు పత్రికను అమృతాంజనము పోషించెను, ప్రకటనదారు పోషించెను, రాజకీయయజమాని పోషించెను. చదువరి మాత్రము పూర్తిగ పోషించిన దినము లేదు. పోషించినవాని మాటయే కడపట చెల్లునని పైచరిత్రము చాటుచున్నది. కావున పత్రికలు చెడిపోయినవని నిట్టూర్చు గృహస్థు మొదట చేయవలసినది యొకటి కలదు. తన కిష్టమైన పక్షమును పొగడుదానిని గాక, తప్పు వ్రాసినపుడు దిద్దుకొనుదానిని నొకదానిని ఎన్నుకొని, కాగితముమీద గాని తెరమీద గాని వెలయిచ్చి చదువవలెను. అందు తప్పు కనబడినపుడు సంపాదకునకు ఉత్తరము వ్రాయవలెను. ఇంటిలోని స్త్రీలును, పిల్లలును దానిని చదివి తర్కించునట్లు చూడవలెను. నెలకు దానికయ్యెడు వ్యయము మన యింటి ఫోను బిల్లుకంటె నెక్కువ కాదు.