పేకకట్టయు పదిమంది సొమ్మును

కొత్తపేటలో మా వీథివారు కొందరు పండుగ దినములలో సాయంకాలమున ఒక ఇంట చేరి పేకాడుట వాడుక. డబ్బు పందెము లేదు, చింతగింజలే లెక్క. గడచిన దీపావళినాడు ఆ చింతగింజలకొరకే ఒక తగవు పుట్టెను. అయిదు ముక్కల పోకరు క్రొత్తగా నేర్చిన ఒక యువకుడు ఒకే రంగుకు చెందిన అయిదు ముక్కలు పరచి గెలుపు తనదనెను. ఎదుట కూర్చున్న పెద్దాయన వరుస ముక్కలు చూపి, "నాయనా, వరుస ముందు రంగు నిలుచునా?" అనెను. ఆయన యౌవనము నుండియు మూడు ముక్కలాట ఎరిగినవాడు. ఇరువురును అసత్యము పలుకలేదు. ఎవరి ఆటలో వారు చెప్పినది నిజమే.

ఇది లెక్కకు తేలు విషయము. ఏబదిరెండు ముక్కలలో నుండి మూడు ముక్కలను తీయగల విధములు 22,100. అందు వరుసలు 720, ఒకే రంగు ముక్కలు 1,096. వరుస అరుదు గనుక దానికి పెద్దపీట. అదే కట్టనుండి అయిదు ముక్కలు తీసినచో విధములు 25,98,960 అగును. అప్పుడు వరుసలు 10,200 కాగా ఒకే రంగువి 5,108 మాత్రమే. ఇచ్చట రంగే అరుదు. కావున రంగునకే గౌరవము. రెండు ముక్కలు పెరిగినంతనే పై మెట్టు క్రిందికిని, క్రింది మెట్టు పైకిని మారినవి.

తగవు తీరుటకు ఒకరు ఉపాయము చెప్పిరి. ఏ జోడింపు దేనికంటె పెద్దదో తెలుపు క్రమమును ఒక అట్టముక్కపై అచ్చువేయించి, ప్రతి ఇంటి పేకకట్టలోను ఉంచవలెనని. ఉపాయము మంచిదే. కాని అచ్చుపనిలో అక్షరములు కూర్చుటకును, యంత్రము సిద్ధపరచుటకును అగు వ్యయము ఒక ప్రతికైనను నూరు ప్రతులకైనను ఒక్కటే. ఒక ఇంటికి రెండు మూడు ముక్కలు వేయించుట ఎవ్వరికిని గిట్టదు. అందుచే పదునాలుగు ఇండ్లవారు కలిసి వేయింప నిశ్చయించిరి. సొమ్ము పోగుచేసి లెక్క చూపు భారము నాపై పడెను. ఆ పనిలో ఉండగా, ఆటముక్కలను చేయించుకొనుటలో మన పూర్వులు ఏ మార్గము త్రొక్కిరో చూడవలెనని బుద్ధి పుట్టినది.

మన దేశమున పాత పేకకు గంజీఫా యని పేరు. మొగలు రాజ్యస్థాపకుడైన బాబరు 1527లో సింధుదేశమునందలి షాహసనునకు గంజీఫా కట్టను పంపినట్లు తన ఆత్మకథలో వ్రాసికొనెను. అక్బరు కొలువులో పండ్రెండు రంగుల ఆట ఉండినట్లు అబుల్ ఫజలు ఐనె అక్బరీలో వర్ణించెను. తరువాత విరివిగా వ్యాపించినది ఎనిమిది రంగుల ఆట. రంగునకు పండ్రెండేసి చొప్పున తొంబదియారు ముక్కలు. కిరీటము, ఖడ్గము, సేవకుడు, వెండి నాణెము, బంగారు నాణెము, వీణ వంటి వాద్యము, పత్రము, సరకు - ఇవి ఆ రంగుల గుర్తులు. చూడగా ఒక సర్కారు కచ్చేరియే ఆటబల్లపై పరచినట్లుండును. హిందువుల ఇండ్లలో ఇదే ఆట దశావతార గంజీఫాగా మారెను. పది అవతారములకు పది రంగులు. మొత్తము నూటయిరువది ముక్కలు. ముక్కలు ఎక్కువగా గుండ్రనివి.

దశావతారపు ఆటలో ఒక సొగసైన నియమము కలదు. పగటివేళ ఆడినచో రాముని రాజు చేతనున్నవాడు ఆట నారంభింపవలెను. రాత్రివేళ అయినచో కృష్ణుని రాజు గలవాడు. దీపము వెలిగించునంతలో ఆటయొక్క అధికారము చేతులు మారును. మరియొక నియమము మా వీథి తగవునకు దగ్గరది. సగము రంగులలో రాజు, ప్రధాని తరువాత పది పెద్దది, ఒకటి చిన్నది. తక్కిన సగము రంగులలో ఇది తలక్రిందులై, ఒకటి పెద్దది, పది చిన్నది యగును. ఏ రంగులో ఏ క్రమమో మరచినవాడు గెలువవలసిన ముక్కను చేజేతుల పారవైచుకొనును. ఇట్టి ఆట నేర్పుటకు ఇంట ఒక పెద్దవారు ఉండితీరవలెను. వారి జ్ఞాపకమే ఆనాటి సూచిక.

మైసూరు నేలిన మూడవ కృష్ణరాజ ఒడెయరు (1794-1868) ఈ ఆటలను ఎంతగానో పెంచెను. ఆయన కల్పించిన వానిలో ఒకదానికి పదునెనిమిది రంగులు, మూడువందల అరువది ముక్కలు. అంతటి ఆటకు ఒకరి జ్ఞాపకము చాలదు. అందుకే శ్రీతత్త్వనిధి యందలి కౌతుకనిధిలో ఆ ఆటల వివరములు చేర్చబడినవి. ఆట పెరిగినకొలది నియమములు నోటినుండి వ్రాతకు దిగివచ్చుట సహజమే.

తెలుగునాటను గంజీఫా ముక్కలు చేయు కళాకారులు ఉండిరి. కొయ్యబొమ్మలకు ప్రసిద్ధి గన్న నిర్మలయందును, రాయలసీమలోని నొస్సమునందును ఈ పని సాగెను. మన సరిహద్దునందలి పర్లాకిమిడిలోను, ఇంకను పైన పూరీ ప్రాంతమునందును ఈ ముక్కలు తయారయ్యెడివి. ఒరియా చిత్రకారులు పాతగుడ్డను చింతగింజల జిగురుతో పొరలు పొరలుగా అంటించి, సుద్దపూత పూసి, రాతితో నునుపుచేసి, గుండ్రముగా కోసి, రంగులు వేసి, లక్కపూత పెట్టుదురు. ఒక కట్టకు నూటయిరువది ముక్కలన్నచో ఎన్ని దినముల శ్రమయో ఊహింపవచ్చును. వెనుకవైపు అన్ని ముక్కలును ఒక్కతీరుననే ఉండవలెను. ఒక్కదానిపై చుక్క పడినను ఎదుటివాడు దానిని గుర్తించును, ఆట చెడును.

ఈ ముక్కలలో రెండు తరగతులుండెడివి. దంతము, తాబేటి చిప్ప మున్నగు వానిపై చిత్రించినది దర్బారు కలము. గుడ్డ, కాగితములతో చేసి సామాన్యులకు అమ్మునది బజారు కలము. ప్రభువు ఒక్కడే చిత్రకారుని పోషింపగలడు. సామాన్యులలో ఒక్కడు పోషింపలేడు. కొనువారు పలువురు ఉండినగాని అతని కుంచె కదలదు. బజారు కలమును బ్రతికించినది పదిమంది చేతి చిల్లరయే. ఆ పదిమంది తొలగినప్పుడు అది క్షీణించెను.

వారు తొలగుటకు కారణము సముద్రముపై వచ్చినది. ఐరోపావారి ఏబదిరెండు ముక్కల కట్ట అచ్చుయంత్రములపై వేలకొలదిగా వెలువడి, చౌకగా చేతికి అందెను. దాని రాకకు మన మాటలే సాక్ష్యము. కళావరు అన్నమాట డచ్చివారి క్లావరును, ఆఠీను వారి హార్టెనును తలపించును. ఇస్పేటు పోర్చుగీసువారి ఎస్పాదాను స్ఫురింపజేయును. డచ్చివారు పదునేడవ శతాబ్ది ఆదిలోనే మచిలీపట్టణమున వర్తకశాల నెలకొల్పిన సంగతి మనకు తెలిసినదే. వస్త్రములు కొని ఓడలనెక్కిన ఆ వర్తకులు మన నాలుకపై పేకమాటలు విడిచిపోయినట్లున్నది.

ఇక సొమ్ము సంగతి. పేకకొరకు పదిమంది సొమ్ము ఒకచోట చేరినప్పుడు, అది ఖర్చు పంచుకొనుటయా, జూదపు రాబడియా యను ప్రశ్న మన జంటనగరములలోనే పుట్టి ఢిల్లీవరకు పోయెను. 1963 మే నెలలో సికింద్రాబాదునందలి క్రెసెంటు రిక్రియేషను క్లబ్బుపై పోలీసులు దాడిచేసి, రమ్మీ ఆడుచున్న అయిదుగురిని పట్టుకొనిరి. 1305 ఫసలీనాటి హైదరాబాదు జూద చట్టము క్రింద అభియోగము నడచెను. క్రింది న్యాయస్థానము శిక్షింపగా హైకోర్టు దానిని త్రోసిపుచ్చెను. 1967 నవంబరులో సుప్రీముకోర్టు ప్రభుత్వపు అప్పీలును కొట్టివేసెను. తీర్పు వ్రాసినవారు జస్టిసు హిదయతుల్లా. మూడు ముక్కలాటవలె రమ్మీ కేవలము అదృష్టముపై ఆధారపడినది కాదనియు, పడిన ముక్కలను జ్ఞప్తియందుంచుకొనుటయు, ఏది ఉంచి ఏది విడువవలెనో తెలియుటయు నేర్పేయనియు ఆ తీర్పు సారాంశము. క్లబ్బు తన సభ్యులకు కూర్చిన సదుపాయములకు కొంత రుసుము తీసికొనుట తప్పు కాదు. ఆటనుండియే లాభము పిండుట వేరు మాట అనియు అందు తేలినది.

ఆ తీర్పుతో కథ ముగియలేదు. 2017లో తెలంగాణ ప్రభుత్వము చట్టమును సవరించి, నేర్పు గల ఆటలకు పూర్వముండిన మినహాయింపును తొలగించెను. యంత్రపు తెరలపై రమ్మీ ఆడి అప్పులపాలైన కుటుంబముల గోడు అందరును విన్నదే. 2025లో కేంద్రప్రభుత్వము అట్టి ధనక్రీడలను దేశమంతటను నిషేధించు చట్టము చేసెను. కావున చింతగింజలతో ఆడు ఇంటికిని, రూపాయలతో ఆడు ఇంటికిని నడుమ గీత నేడు మరింత స్పష్టము. అయినను 1967నాటి తీర్పులోని ఒక వివేకము ఇంటి పనులకు నేటికిని పనికివచ్చును: కలిసి కొనునప్పుడు ఖర్చు వేరు, లాభము వేరు. పదిమంది తరఫున సొమ్ము పట్టినవాడు ఆ రెంటిని కలుపరాదు.

ఆ మాటను మనసునందుంచుకొని నేను మా వీథి లెక్క వ్రాసితిని. ఎవరు ఎన్ని అట్టలు కోరిరో ముందుగా వ్రాయించుకొని, సొమ్ము చేతికందిన పిమ్మటనే పని ఒప్పగించితిని. అచ్చునకు ముందు వచ్చిన నమూనాను అందరికిని చూపితిని. అది మంచిదయ్యెను. నేను వ్రాసియిచ్చిన ప్రతిలోనే అయిదు ముక్కల ఆటకు వరుసను రంగుపైన పెట్టియుంటిని. ఆ తప్పు పట్టినవాడు పోకరు నేర్చిన యువకుడు కాదు; మూడు ముక్కలాట పెద్దాయన. కళ్లజోడు సవరించుకొని, "ఇది నా ఆటలోని క్రమము బాబూ, అతని ఆటలో గెలుపు అతనిదే" అనెను. తగవు అక్కడనే తీరినది.

అట్టకు ఒకవైపు మూడు ముక్కల క్రమమును, రెండవవైపు అయిదు ముక్కల క్రమమును వేయించితిమి. మిగిలిన కొద్దిపాటి సొమ్మును ఇంటింటికి తిరిగి ఇచ్చివేసితిని. కొందరు నవ్వి, ఇంత చిన్న మొత్తమునకు రసీదేల అనిరి. ఆ రసీదులును పేకకట్టలతోపాటు పెట్టెలో ఉన్నవి. నిర్మలలోను నొస్సములోను గంజీఫా కట్టలు కొన్న ఇండ్లవారు మనకు పేర్లైన విడిచిపోలేదు. వారు కలిసి వెచ్చించిన చిల్లరవలననే ఆ కుంచెలు అంతకాలము కదలినవి.