యాభై నలుగురు గురువులు, ఒక శిష్యుడు

షుగరు ఉన్నవాళ్ళ కంటి వెనక తెరను, అంటే రెటీనాను, ఫొటో తీసి ఇద్దరు కంటి డాక్టర్లకు చూపిస్తే, ఇద్దరూ ఒకే మాట చెబుతారనుకుంటాం. అన్నిసార్లూ చెప్పరు. ఒకరు "ఇంకా ఏమీ లేదు" అన్నచోట రెండోవారు "మొదలైంది" అనవచ్చు. అంతెందుకు, అదే ఫొటోను కొన్నాళ్ళాగి మొదటివారికే మళ్ళీ చూపిస్తే ఆయనే మాట మార్చవచ్చు. ఆ ఫొటోలను కంప్యూటరు చేత చదివించాలని కూర్చున్న గూగుల్ బృందానికి ఎదురైన అసలు చిక్కు ఇదే. పంతుళ్ళే తేల్చుకోలేని లెక్కను పిల్లవాడికి నేర్పేదెలా?

షుగరు అదుపు తప్పితే రెటీనాలోని సన్నటి రక్తనాళాల గోడలు బలహీనపడి అక్కడక్కడా బుడగల్లా ఉబ్బుతాయి. ఫొటోలో అవి సూదిమొనంత ఎర్ర చుక్కలు. తర్వాత నెత్తురు చిమ్మిన మచ్చలు, పసుప్పచ్చటి కొవ్వు మరకలు. లోపల ఇంత జరుగుతున్నా చాలాకాలం నొప్పి ఉండదు, చూపు తగ్గదు. తగ్గిందని ఆస్పత్రికి పరుగెత్తేసరికి ఆలస్యమైపోతుంది. ముందే పట్టుకుంటే లేజరుతోనో ఇంజెక్షన్లతోనో చూపును చాలావరకు నిలబెట్టవచ్చు. అందుకే ఏడాదికోసారి ఫొటో తీయించుకోమంటారు. తీయడం తేలికే. తీసినవన్నీ చదవడానికి డాక్టర్లే చాలరు.

వాటిని కంప్యూటరు చేత చదివించాలన్న ఆలోచన నిన్నమొన్నటిది కాదు. 1996లో గ్లాస్గో పరిశోధకులు షుగరు రోగుల ఫొటోలు 147, జబ్బులేనివారివి 32 తీసుకుని, ఉదాహరణలు చూసి నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్కు అనే కంప్యూటరు ప్రోగ్రాముకు చూపించారు. ఫొటోను చిన్న చిన్న గళ్ళుగా కోసి, ఈ గడిలో ఉన్నది రక్తనాళం, ఆ గడిలో ఉన్నది నెత్తుటి మచ్చ అని చెప్పి నేర్పారు. జబ్బున్నవాటిలో 88.4 శాతం పట్టుకుంది. ఆనాటి కంప్యూటర్లకు అది గొప్పే. కానీ 147 ఫొటోలతో వైద్యం నేర్చినవాడి చేతిలో మన కన్ను పెడతామా?

ఫొటోలు లక్షకు చేరడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. అమెరికాలో ఐప్యాక్స్ అనే సంస్థ క్లినిక్కుల నుంచి ఇలాంటి ఫొటోలను కూడబెట్టింది. 2015లో ఆ ఫొటోలతోనే కాగుల్ వెబ్‌సైటులో పోటీ పెడితే 661 జట్లు దిగాయి. గూగుల్‌లో డాక్టర్ లిలీ పెంగ్, వరుణ్ గుల్షన్ తదితరులు ఐప్యాక్స్ ఫొటోలకు మదురై అరవింద్, చెన్నై శంకర నేత్రాలయ, బెంగళూరు నారాయణ నేత్రాలయ ఫొటోలను కలిపారు. మొత్తం 1,28,175.

ఇక పంతుళ్ళ తగువు. అమెరికాలోని 54 మంది కంటి డాక్టర్లను కూర్చోబెట్టి, ఒక్కో ఫొటోను 3 నుంచి 7 సార్లు వేర్వేరు వాళ్ళతో దిద్దించారు. ఎక్కువమంది ఏమంటే అదే జవాబు. ఈ కథలో నాకు గొప్పగా తోచేది ఆ నెట్‌వర్కు కాదు, ఈ పంచాయతీ. నెట్‌వర్కు అప్పటికే ఉన్నదే, కుక్కలూ కార్లూ ఉన్న మామూలు ఫొటోల మీద చెయ్యి తిప్పుకున్నది. దానికి ఎర్ర చుక్క ఇదీ, పసుపు మరక ఇదీ అని ఎవరూ చూపించలేదు. ఫొటో, దాని పక్కన మార్కు, అంతే. తప్పు చెప్పిన ప్రతిసారీ లోపలి రెండు కోట్లకు పైగా అంకెలను కాస్త కాస్త సవరించుకుంటూ పోయింది. 2016 నవంబరులో జామా పత్రికలో ఫలితం వచ్చింది. ఒక్కటీ తప్పిపోకూడదన్నట్టు బిగించినప్పుడు, డాక్టరుకు చూపించి తీరవలసిన జబ్బును ఒక పరీక్షలో 97.5 శాతం పట్టుకుంది.

శిష్యుడు గురువులు నేర్పని విద్య కూడా నేర్చాడు. 2018లో అదే బృందం మరో వ్యాసం వేసింది. ఒక ఆడమనిషి రెటీనా, ఒక మగమనిషి రెటీనా పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో నూటికి 97 సార్లు చెప్పగలదట. కళ్ళు చూడడమే వృత్తిగా బతికిన డాక్టరు కూడా రెటీనా చూసి ఆ మాట చెప్పలేరు.

ఆ ఏడాది ఏప్రిల్లోనే అయోవాకు చెందిన మైకేల్ అబ్రామాఫ్ ఇదే జబ్బును పట్టడానికి తయారుచేసిన వేరే యంత్రానికి, డాక్టరు ప్రమేయం లేకుండా ఫలితం చెప్పడానికి అమెరికా ప్రభుత్వం అనుమతినిచ్చింది. గూగుల్ యంత్రాన్ని అరవింద్, శంకర నేత్రాలయల్లో 3,049 మంది రోగుల మీద పరీక్షించారు. అక్కడ ఫొటోలు చదివే మనుషులకు తీసిపోలేదు.

తర్వాత థాయిలాండ్ వెళ్ళింది. 11 క్లినిక్కులు. ఫొటోలు తీసేది నర్సులు. చాలాచోట్ల చీకటిగది లేదు, నెట్ నత్తనడక. మసక ఫొటోను చదవకుండా తిప్పికొట్టమని యంత్రానికి ముందే నేర్పారు కాబట్టి, 1,838 ఫొటోల్లో 21 శాతాన్ని అది తిప్పికొట్టింది. ఫొటోను తిప్పికొట్టిందంటే, కన్ను బాగానే ఉన్నట్టు నర్సుకు కనిపిస్తున్నా, రోగి మరో రోజు పని మానుకుని పెద్దాస్పత్రికి వెళ్ళాల్సిందే. చివరికి పద్ధతి మార్చారు. యంత్రం తిప్పికొట్టిన ఫొటోలను కంటి డాక్టరే చూసేలా ఏర్పాటు చేశారు.