కదలని వాళ్లే తస్వీర్‌లో మిగిలారు

తాండూరులో మా దాదీ పెట్టెలో ఒక పాత తస్వీర్ ఉండేది. కుర్చీలో దాదీ వాళ్ల అబ్బా, షేర్వానీ గుండీలు లెక్కపెట్టేంత సాఫ్‌గా. పక్కన తెల్లటి పొగలాంటి మచ్చ. "అది నేనే బేటా. ఫోటో ఆయన ఏక్, దో, తీన్ అని లెక్కపెడుతుంటే నవ్వొచ్చి ఊగాను" అనేది. మేమేమో ఫోటో ఖరాబైందనుకునేవాళ్లం.

దోస్తులారా, ఆ మచ్చది పాత కిస్సా. బస్రాలో పుట్టిన ఇబ్న్ అల్-హైసమ్ వెయ్యేళ్ల కిందటే చీకటి గది, చిన్న రంధ్రంతో వెలుగు నడకను పరీక్షించి చూశారు. వెలుగు పడేది కానీ నిలిచేది కాదు. నిలబెట్టడం 19వ శతాబ్దంలో గానీ కుదరలేదు. 1838లో పారిస్‌లో డాగేర్ ఒక బజారును తీసినప్పుడు ప్లేటుకు కొన్ని నిమిషాల వెలుగు కావాల్సొచ్చింది. గుర్రపు బండ్లు, నడిచే జనం అంతా మాయం. బూట్లు పాలిష్ చేయించుకుంటూ నిలబడ్డ ఒక మనిషి మాత్రం దొరికాడు.

మన రియాసత్‌లో ఈ హునర్‌కు పెద్ద పేరు లాలా దీన్ దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో జైన కుటుంబంలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగ్ చదివారు. 1870ల మధ్యలో కెమెరా పట్టేనాటికి తడి ప్లేట్ల జమానా. గాజు మీద మందు పూసి, ఆరేలోపే ఫోటో తీసి, అక్కడికక్కడే కడగాలి. తర్వాత పొడి ప్లేట్లు వచ్చి పని తేలికైంది. అయినా ఇంటి లోపలి తక్కువ వెలుతురులో సబర్ తప్పనిసరి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయనకు 1894లో ముసవ్విర్ జంగ్ ఖితాబ్ ఇచ్చారు. 'అల్-ముసవ్విర్' అస్మావుల్ హుస్నాలో ఒకటని మన పిల్లలకూ తెలుసు. తస్వీర్ దిగాలా వద్దా అని ఇళ్లలో బహస్ జరిగే రోజుల్లో దర్బార్ ఎంచుకున్న మాట అది!

వికారాబాద్ పేరు వికారుల్ ఉమ్రా నుంచి వచ్చిందంటారు. ఫలక్‌నుమా కట్టించిన పాయిగా నవాబు ఆయనే. ఆ మహల్ గదుల్ని దీన్ దయాళ్ తీశారు. ఝాడులు, కుర్చీలు, బల్లలు కళ్లకు కట్టినట్టుంటాయి. అలాంటి తస్వీర్ చూసి ఇల్లు ఖాళీగా ఉందనుకోకండి. మూత తెరిచి ఉన్నంతసేపూ ఒకే చోట ఆగలేనివాడు ప్లేటు మీద మిగలడు. సాహెబ్ కూర్చోగలడు, నౌకరుకు ఆ ఫుర్సత్ ఏది?

పరదా వల్ల మిగలనివాళ్ల సంగతి వేరు. వాళ్ల కోసం 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచారు. లోపల కెమెరా పట్టింది కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు దొరసాని. బేగంలు గైర్ మర్ద్ కంట పడకుండా తస్వీర్ దిగారు. బేగంలకే సుమా. 1874లో వాడి నుంచి తాండూరు, వికారాబాద్ మీదుగా సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. ఆ కట్ట మీద మట్టి మోసిన ఆడవాళ్లకు ఏ స్టూడియో ఉంది?

ఇప్పుడు గాజు పోయి సెన్సర్ వచ్చింది. మీడియం ఫార్మాట్ డిజిటల్‌లో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది 44×33 మిల్లీమీటర్ల సెన్సర్, మామూలు ఫుల్ ఫ్రేమ్‌కు దాదాపు 1.7 రెట్లు. ఎక్కువసేపు తెరిచి ఉంచితే అది వేడెక్కి, లేని చుక్కలు పుట్టిస్తుంది. 2007 నాటి ఫేజ్ వన్ పీ45 ప్లస్ గంటసేపు తీయగలిగేది. తీశాక మూత మూసి మరో గంట చీకటిని తీసి, ఆ చుక్కల్ని లెక్కగట్టి తీసేసేది. తడి ప్లేటు ఆరకూడదనే కంగారు పోయింది, ఇంతిజార్ మాత్రం రెట్టింపయింది.

మొన్న మా భాంజా అలాంటి కెమెరా ఒకటి కిరాయికి తెచ్చాడు. అనంతగిరి మబ్బుల్ని, కోట్‌పల్లి నీళ్లను దూదిలా తీశాడు. "మామూ, ఇంకెక్కడికి?" అంటే తాండూరు బండల అడ్డాకు తీసుకెళ్లాను. పట్టపగలు. నల్లద్దం ఫిల్టర్ బిగించి నాలుగు నిమిషాలు తెరిచాడు. ఎనిమిది మంది లారీకి బండలు ఎక్కిస్తున్నారు. తెర మీద చూస్తే బండల వరసలు, లారీ, ఎండ. మనుషులెవరూ లేరు. ఒక మూల మాత్రం చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్న ముసలాయన, గళ్ల లుంగీతో సహా.

భాంజా సంబరపడుతున్నాడు. నేను ఆ ఎనిమిది మందినీ పిలిచి, వరసగా నిలబెట్టి, ఫిల్టర్ తీసేసి ఇంకోటి తీయమన్నాను.