సోంపేట థర్మల్ విద్యుత్ కేంద్ర ప్రతిపాదన

సోంపేట థర్మల్ విద్యుత్ కేంద్రం శ్రీకాకుళం జిల్లా సోంపేట సమీపంలోని బీల ప్రాంతంలో నిర్మించ తలపెట్టి, స్థానికుల వ్యతిరేకత వలన ఆగిపోయిన బొగ్గు ఆధారిత ప్రాజెక్టు. దీనిని నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ ప్రతిపాదించినది. బొగ్గు విద్యుత్తు విస్తరణకు దారితీసిన ఆర్థిక కారణాలకు, ఆ లెక్కలలో చేరని స్థానిక నష్టాలకు ఇది ఒక ఉదాహరణ.

ఆర్థిక నేపథ్యం

2003 విద్యుత్ చట్టం థర్మల్ విద్యుదుత్పత్తికి లైసెన్సు అవసరాన్ని తొలగించినది. అప్పట్లో దేశంలో విద్యుత్ కొరత తీవ్రంగా ఉండుటచే ప్రైవేటు సంస్థలు ఈ రంగంలోనికి ప్రవేశించినవి. వాటికి ఉత్తర కోస్తా అనుకూలమైనదిగా తోచుటకు ముఖ్య కారణాలు:

* ఒడిషాలోని తాల్చేరు గనుల నుండి రైలులో బొగ్గు తెచ్చుకొనే వీలు. పరవాడ వద్ద 2002లో ఉత్పత్తి ప్రారంభించిన సింహాద్రి కేంద్రానికి బొగ్గు ఈ గనుల నుండే వస్తుంది.
* ఇండోనేషియా వంటి దేశాల బొగ్గును ఓడలలో దిగుమతి చేసుకొనే అవకాశం. దేశీయ బొగ్గులో బూడిద సాధారణంగా 30 నుండి 45 శాతం వరకు ఉంటుంది. దిగుమతి బొగ్గులో అది తక్కువ.
* యంత్రాలను చల్లబరచుటకు సముద్రపు నీరు.
* ప్రభుత్వ భూమి. 2008లో జి.ఓ. 1107 ద్వారా సుమారు 970 ఎకరాలు ఈ సంస్థకు కేటాయించబడినవి.

బీల భూములు

బీల అనగా వర్షపు నీరు నిలిచే పల్లపు చిత్తడి నేల. రికార్డులలో నిరుపయోగ భూమిగా చూపినప్పటికీ, పరిసర గ్రామాల వారికి వరిసాగు నీరు, చేపలు, పశువుల మేత దీని నుండే లభిస్తాయి. ఈ రాబడికి మార్కెట్టులో ధర లేనందున ప్రాజెక్టు వ్యయంలో అది లెక్కకు రాలేదు. భూమి చౌకగా కనిపించుటకు ఇదే కారణం.

ఉద్యమం, రద్దు

రైతులు, మత్స్యకారులు కలిసి ఉద్యమించారు. 2010 జూలై 14న జరిగిన పోలీసు కాల్పులలో ఇద్దరు మరణించారు. అదే రోజున జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసినది. 2011 ఫిబ్రవరి 28న ఇదే జిల్లాలోని కాకరాపల్లి వద్ద, మరొక థర్మల్ కేంద్రానికి వ్యతిరేకంగా సాగిన ఆందోళనలో కూడా కాల్పులు జరిగి ఇద్దరు మరణించారు. సోంపేట భూకేటాయింపును రాష్ట్ర ప్రభుత్వం 2015లో ఉపసంహరించినది.

తదనంతర పరిస్థితి

సోంపేటలో ప్రాజెక్టు ఆగినను బొగ్గు వినియోగం తగ్గలేదు. 2024-25లో భారతదేశ బొగ్గు ఉత్పత్తి తొలిసారిగా 100 కోట్ల టన్నులు దాటినది. ప్రపంచ వినియోగం కూడా 2024లో కొత్త గరిష్ఠ స్థాయిని చేరినది. సౌర విద్యుత్తు చౌకైనప్పటికీ రాత్రి వేళ అది లభించదు. ఇదివరకే కట్టిన కేంద్రాల పెట్టుబడి ఎలాగూ ఖర్చయిపోయినది కనుక, వాటిని నడుపుటకు ప్రధానంగా ఇంధన వ్యయమే అవుతుంది. అందువలన గిరాకీ పెరిగిన ప్రతిసారి బొగ్గు వాడకం కొనసాగుచున్నది.