నీరటి లేని కట్ట

సూరత్‌లోని లింబాయత్‌లో వాన గట్టిగా పట్టుకుందంటే అందరి చూపూ మీఠీ ఖాడీ మీదే. ఆ వాగు పొంగితే నీళ్లు గల్లీలు దాటి ఇళ్లలోకి వస్తాయి. 2006 ఆగస్టులో పైనున్న ఉకాయి డ్యామ్ నుంచి నీళ్లు వదిలినప్పుడు తాపీ నది సూరత్‌లో చాలా భాగాన్ని ముంచేసింది. మగ్గాల పని వెతుక్కుంటూ తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన పద్మశాలీలు లింబాయత్‌లో ఎందరో స్థిరపడ్డారు. వాళ్లు వదిలొచ్చిన ఊళ్లలో నీటికి ఒక మట్టికట్ట ఉండేది, ఆ కట్ట మీద రోజూ తిరిగే ఒక మనిషి ఉండేవాడు. తెలంగాణలో అతను నీరటి, రాయలసీమలో నీరుగంటి.

మనవైపు మట్టికట్టల్లో చాలావాటికి మూలం ఒక్క మనిషి సంకల్పం, ఒక్క ఇంటి సొమ్ము. చెరువు తవ్విస్తే సప్తసంతానాల్లో ఒకటి దక్కినట్టే, కొడుకుతో సమానం. రామప్ప చెరువు కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడిది, పాకాల జగదాల ముమ్మడిది. బయ్యారం చెరువును గణపతిదేవుడి తోబుట్టువు మైలాంబ తవ్వించింది. రెండు గుట్టల నడుమ వాగుకు అడ్డంగా మట్టి పోసి, నీటి వైపు రాయి పేర్చి, తూము పెట్టి, మిగులు నీరు పోవడానికి ఒక పక్కన మత్తడి వదిలేవారు. దాన్నే అలుగు అని కూడా అంటారు.

ఈ విద్య ఎంత ముదిరిందో చూడాలంటే కడప జిల్లా పోరుమామిళ్ల వెళ్లాలి. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించి 1369లో శాసనం వేయించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలతో పాటు, ఉండకూడని ఆరు దోషాలూ ఆ రాతి మీద ఉన్నాయి. ఆ దోషాల్లో ఒకటి కట్ట నుంచి నీరు ఊరడం. ఆరున్నర శతాబ్దాల కిందటే ఆ మాట రాయి మీదికెక్కిందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

కట్టడం ఒక్కసారి, కాయడం ఏటేటా. అందుకే దశబంధం పుట్టింది. చెరువు కట్టించినవాడికో, బాగుచేయించినవాడికో ఆయకట్టులో కొంత భూమి, లేదా పన్నులో కొంత భాగం రాసిచ్చేవారు. బదులుగా కట్ట మరమ్మతు అతని బాధ్యత. కట్ట ప్రైవేటుదే, కానీ దిక్కులేనిది కాదు. నీరటికీ ఇనాం ఉండేది. అతను ముఖ్యంగా చూసేది కట్ట వెనక వైపు. అక్కడ ఊట తేటగా ఉంటే నిదానంగా గమనిస్తాడు, మట్టి రంగు తిరిగితే ఊరందరినీ లేపుతాడు. నీళ్లు కట్ట లోపలి మట్టిని తోడుకుపోతున్నాయని దాని అర్థం. కాసేపట్లో అక్కడ బుంగ పడుతుంది, బుంగే గండి అవుతుంది. ఎలుకల, పీతల బొరియలు ఆ దారి తెరుస్తాయి. చెట్టు నరికేశాక లోపలే కుళ్లిన వేరూ అదే పని చేస్తుంది. ఇంకో ప్రమాదం మనిషి చేతిది. మరో రెండు మడులు పారతాయన్న ఆశతో మత్తడి మీద ఇసుక బస్తాలు పేరుస్తారు. పెద్ద వాన వస్తే నీరు కట్ట మీదుగా దుంకుతుంది. మట్టికట్ట దానికి ఎంతోసేపు ఆగదు.

ఒక్క కట్ట తెగితే కింది కట్ట మీద పై చెరువు బరువు కూడా పడుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ను ముంచినప్పుడు జరిగింది ఇదే. ఆ తర్వాత నిజాం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క తీస్తే, ఎగువ పరీవాహకంలోని 788 చెరువుల్లో 221 తెగాయని తేలింది. నగరానికి పైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ లేచింది ఆ దెబ్బ తర్వాతే.

2005 అక్టోబరు 29 తెల్లవారుజామున నల్లగొండ జిల్లా వలిగొండ దగ్గర ఇంకో రకంగా జరిగింది. భారీ వానకు చిన్న చెరువు తెగి, ఆ వరద రైలు పట్టాల కింది కట్టను కోసుకుపోయింది. రేపల్లె నుంచి సికింద్రాబాద్ వస్తున్న డెల్టా ప్యాసింజర్ అందులో పడింది. వంద మందికి పైగా చనిపోయారు. నిద్రలో ఉన్న ఆ ప్రయాణికుల్లో ఆ చెరువు పేరు తెలిసినవాళ్లు ఎందరుంటారు?

2021 డ్యామ్ భద్రతా చట్టం ఎత్తు 15 మీటర్లు దాటినవాటికి, 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉన్నవాటిలో కొన్నిటికే వర్తిస్తుంది. ఊరి కుంటలు, ఫామ్‌హౌస్ కోసం వాగుకు అడ్డంగా పోసిన కట్టలు, చేపల చెరువుల గట్లు దాని కంటికి ఆనవు. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ చెరువుల పూడిక తీసింది, కట్టలు బలపరిచింది, మంచి పని. కానీ నీరటి పని ఎప్పుడో గ్రామ రెవెన్యూ సహాయకుల ఉద్యోగంలో కలిసిపోయింది. 2023లో ఆ వ్యవస్థనే రద్దు చేసి, ఉన్నవాళ్లను వేరే శాఖల్లో సర్దారు.

దశబంధం కాలంలో కట్ట ఎవరిదో, గండి పడితే ఎవరిని అడగాలో ఊరంతటికీ తెలుసు. ఇవాళ వాగుకు అడ్డంగా ఒకరు తన పొలంలో మట్టి పోసుకుంటే, దానికి మత్తడి వదిలాడో లేదో దిగువన ఇళ్లు కట్టుకున్నవాళ్లకు తెలియదు. వానాకాలం ముందు ఆ కట్ట వెనక్కి దిగి, తడి ఎక్కడుందో, ఆ నీళ్లు తేటగా ఉన్నాయో మట్టిరంగులో ఉన్నాయో చూసే పని ఎవరి పేరునా లేదు.